బాయిలర్ కింద, చలి పైన

హైదరాబాద్‌లో ఆఫీసు ఏసీని 20 డిగ్రీలకు దించితే మధ్యాహ్నానికల్లా ఎవరో ఒకరు శాలువా కప్పుకుంటారు. న్యూయార్క్ నగరంలో ఇంటి ఓనరు చలికాలంలో ఆ 20 డిగ్రీలు ఇవ్వలేకపోతే ఫైన్ కడతాడు. అక్కడి కొలతలో అది 68 డిగ్రీల ఫారెన్‌హీట్; ఇకపై డిగ్రీలన్నీ ఆ కొలతలోనే. ఏటా అక్టోబరు 1 నుంచి మే 31 దాకా ‘హీట్ సీజన్’. ఆ ఎనిమిది నెలల్లో ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు, బయట 55 డిగ్రీల (సెల్సియస్‌లో 13కు కాస్త తక్కువ) కంటే పడిపోతే అద్దె ఇంట్లో కనీసం 68 ఉండాలి. రాత్రి 10 నుంచి తెల్లారి 6 వరకు బయట ఎంత ఉన్నా సరే, లోపల 62 కంటే తగ్గకూడదు. కొళాయిలో వేడినీళ్లు 120 డిగ్రీలు, అదీ పన్నెండు నెలలూ.

రాత్రి నియమం మొదటినుంచీ ఇంత గట్టిగా లేదు. 2017కు ముందు బయట 40 కంటే తగ్గితేనే ఓనరుకు బాధ్యత మొదలయ్యేది, అప్పుడు కూడా లోపల 55 ఉంటే సరిపోయేది. 55 అంటే హైదరాబాద్‌లో జనవరి తెల్లవారుజామున మేడ మీద పడుకున్నట్టు. ఆ ఏడాది చట్టం మార్చి, పసిపిల్లలూ ముసలివాళ్లూ ఉండే ఇళ్లలో రాత్రిళ్లు ఆ చలి కుదరదని తేల్చారు.

ఇందులో మనవాళ్లకు కొత్తగా తోచేది ఒకటుంది. మన దగ్గర అద్దెకిచ్చాక గీజరు పెట్టుకోవడమో దుప్పటి కప్పుకోవడమో అద్దెదారు గొడవ. న్యూయార్క్ పాత అపార్టుమెంట్లలో వేడి మొత్తం ఓనరు పూచీ. సెల్లార్‌లో ఒకటే బాయిలర్. దాని ఆవిరో వేడినీళ్లో ప్రతి ఫ్లాటుకూ పోతాయి. బాయిలర్‌లో కాల్చే ఆయిల్ కొనేది ఓనరు, ఖర్చు అద్దెలోనే కలిసి ఉంటుంది. చాలా ఫ్లాట్లలో అద్దెదారు చేతిలో వేడిని పెంచే, తగ్గించే స్విచ్చే ఉండదు. క్వీన్స్‌లో నాలుగు వాటాల ఇల్లు కొని మూడు అద్దెకిచ్చిన తెలుగు కుటుంబానికీ, మన్‌హాటన్‌లో రెండొందల ఫ్లాట్ల బిల్డింగ్ నడిపే కంపెనీకీ ఈ నియమం ఒకటే.

అసలు చిక్కు ఎక్కడంటే, చట్టం కొలిచేది బిల్డింగ్‌లో అన్నిటికంటే చల్లగా ఉన్న గదిని. ఆయిల్ బిల్లు పెరిగేదేమో అన్నిటికంటే వేడిగా ఉన్న గదుల వల్ల. ఈ రెంటి మధ్య ఉన్న తేడా తగ్గించుకోకుండా ఆయిల్ ఎంత చవకగా కొన్నా, ఎంత మంచి డీలరు దొరికినా ఓనరుకు గట్టెక్కే దారి లేదు. చాలామంది ఓనర్లు మాత్రం బేరం దగ్గరే ఆగిపోతారు.

మడ్డి నుంచి డీజిల్ దాకా

హీటింగ్ ఆయిల్ అంటే ఒకే సరుకు కాదు. 2, 4, 6 అని మూడు నంబర్లు. నంబర్ 2 అంటే దాదాపు డీజిలే. రోడ్డు పన్ను కట్టని సరుకు కాబట్టి లారీల్లో పోయకుండా ఎర్రరంగు కలుపుతారు, అంతే తేడా. నంబర్ 6 అంటే క్రూడ్ లోంచి పెట్రోలు, కిరోసిన్, డీజిల్ అన్నీ లాగేశాక అడుగున మిగిలే మడ్డి. చల్లారితే ముదిరిన బెల్లం పాకంలా బిగుసుకుంటుంది. ట్యాంకులోనే వేడి చేసి, దారిపొడవునా వెచ్చగా ఉంచితేగానీ బర్నర్ దాకా పారదు. ఈ రెంటినీ కలిపితే నంబర్ 4.

మడ్డి చవక. పైగా గ్యాలన్‌కు వేడి ఎక్కువ: సుమారు 1,50,000 బీటీయూలు (వేడిని కొలిచే యూనిట్లు). నంబర్ 2కు 1,38,500. అందుకే సెంట్రల్ పార్కు పక్కన కోట్ల డాలర్ల ఫ్లాట్లున్న భవనాలు కూడా దశాబ్దాల తరబడి దాన్నే కాల్చాయి. అప్పట్లో నగరంలో 4, 6 నంబర్ల ఆయిల్ కాల్చే భవనాలు సుమారు 10,000. మొత్తం భవనాల్లో ఒక శాతం. ఊళ్లోని కార్లూ ట్రక్కులూ అన్నీ కలిసి వదిలే మసి కంటే ఆ ఒక్క శాతం పొగగొట్టాలు వదిలేదే ఎక్కువని తేలాక, 2011లో నగర పర్యావరణ శాఖ నిబంధన తెచ్చింది. నంబర్ 6కు 2015 మధ్య వరకే గడువు, నంబర్ 4కు 2030. ఫలితం త్వరగానే కనిపించింది. 2008తో పోలిస్తే గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ 69 శాతం తగ్గిందని 2013లో నగర ప్రభుత్వం ప్రకటించింది. మధ్యలో 2012 జులై నుంచి రాష్ట్రమంతటా నంబర్ 2లో సల్ఫర్‌ను పది లక్షల్లో 15 పాళ్లకు కుదించడం కూడా ఇందులో ఒక భాగం.

నంబర్ 4 వాడేవాళ్లు 2030 దాకా టైముందనుకుని కూర్చున్నారు. 2023లో నగర కౌన్సిల్ ఆ గడువును 2027 జులై 1కి లాగేసింది. ఆ తర్వాత మిగిలేది నంబర్ 2 ఒక్కటే. అదైనా అచ్చం డీజిల్ కాదు. 2017 అక్టోబరు నుంచి అందులో 5 శాతం బయోడీజిల్ ఉండాలి. 2025 నుంచి 10, 2034 నాటికి 20. సోయా నూనె, వాడేసిన వంటనూనె లాంటివాటి నుంచి తయారయ్యే సరుకిది. మిర్చిబజ్జీలు వేయించగా మిగిలిన నూనె ఇల్లు కాచడానికి పనికొస్తుందంటే మన వంటింట్లో నవ్వుతారేమో గానీ, అక్కడ అది రూలు.

ఇన్ని తిప్పలు పడేకంటే గ్యాస్‌కు మారిపోవచ్చు కదా అంటే, 2011 తర్వాత చాలా భవనాలు ఆ పనే చేశాయి. కానీ గ్యాస్ పైపు కూడా అడిగిన వెంటనే వచ్చే వస్తువు కాదు. 2019లో ఒక గ్యాస్ కంపెనీ వెస్ట్‌చెస్టర్ దక్షిణాన, మరో కంపెనీ బ్రూక్లిన్, క్వీన్స్, లాంగ్ ఐలండ్‌లో కొన్నాళ్లపాటు కొత్త కనెక్షన్లు ఆపేశాయి, సరఫరా చాలదని. ఆయిల్ వదిలేద్దామని బర్నర్ ఆర్డరిచ్చుకున్నవాళ్లు మళ్లీ ఆయిల్ ట్రక్కుకే ఫోన్ చేయాల్సి వచ్చింది.

చలి ముదిరిన వారం

న్యూయార్క్‌కు ఆయిల్ కొంత గల్ఫ్ తీరం నుంచి పైపులైన్లో, కొంత ఓడల్లో వస్తుంది. టెక్సస్ నుంచి మొదలయ్యే కలోనియల్ పైపులైన్ న్యూజెర్సీలోని లిండెన్ దగ్గర ముగుస్తుంది. అక్కడినుంచి రేవులో బార్జిలు (సరుకు మోసే చదునైన పడవలు), వాగుల ఒడ్డున ట్యాంకుల టెర్మినళ్లు, అక్కడ నింపుకుని వీధుల్లో తిరిగే ట్రక్కులు. తూర్పు తీరంలో అన్నిటికంటే పెద్దదైన ఫిలడెల్ఫియా రిఫైనరీ 2019 జూన్‌లో పేలుడు తర్వాత మూతపడింది. అప్పటినుంచి ఈ ప్రాంతం దూరపు సరుకు మీద ఇంకా ఎక్కువ ఆధారపడింది.

నంబర్ 2, డీజిల్ ఒకే కుటుంబం కాబట్టి ధర కూడా ఒకే తాడుకు కట్టి ఉంటుంది. న్యూయార్క్ ఎక్స్ఛేంజిలో 1978లో మొదలైన హీటింగ్ ఆయిల్ ఫ్యూచర్స్ కాంట్రాక్టులో (ముందు తేదీ సరుకుకు ఇప్పుడే ధర ఖాయం చేసుకునే ఒప్పందంలో) ఇప్పుడు చేతులు మారేది డీజిలే. అంటే బ్రాంక్స్‌లో ఒక సెల్లార్ ట్యాంకు నింపే ధర యూరప్ లారీలతో, ఆసియా ట్రాక్టర్లతో పోటీపడి తేలుతుంది. యుక్రెయిన్ యుద్ధం మొదలైన 2022లో గ్యాలన్ 5 డాలర్లు దాటింది. అద్దె నియంత్రణ ఉన్న ఫ్లాట్లలో ఓనరు అద్దె పెంచడానికి చట్టం అడ్డం, వేడి తగ్గించడానికీ చట్టం అడ్డం. మధ్యలో నలిగింది చిన్న ఓనర్లే.

ధర కంటే చలి ముదిరిన వారం ప్రమాదకరం. కారణం బయటికి కనిపించదు. పెద్ద భవనాల్లో చాలావాటికి గ్యాస్, ఆయిల్ రెండూ కాల్చే బర్నర్లుంటాయి. గ్యాస్ చవకగా ఇస్తాం, కానీ చలి బాగా పెరిగి ఇళ్లకు గ్యాస్ చాలనప్పుడు మీకు ఆపేస్తాం, ఆయిల్‌కు మారాలి అన్నది ఒప్పందం. మామూలు రోజుల్లో అది తెలివైన బేరం. ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిన రోజున మాత్రం వీళ్లంతా ఒకే గంటలో ఆయిల్ వైపు తిరుగుతారు. ఏడాదంతా ఆయిలే కాల్చే భవనాలకు కూడా అదే రోజు ఎక్కువ కావాలి. నదిలో మంచు గడ్డకట్టి బార్జిలు నెమ్మదిస్తాయి. ట్రక్కులు వీధుల్లో మంచులో ఇరుక్కుంటాయి. 2000 జనవరి, ఫిబ్రవరిలో ఇవన్నీ కలిసివచ్చి ధర చూస్తుండగానే ఎగబాకింది. ఆ దెబ్బకే అదే ఏడాది జులైలో అమెరికా ప్రభుత్వం ఈశాన్య రాష్ట్రాల కోసం 20 లక్షల బ్యారెళ్ల హీటింగ్ ఆయిల్ నిల్వ పెట్టింది. దాన్ని మొదటిసారి తీసింది మాత్రం చలికి కాదు, తుపానుకు: 2012 అక్టోబరు 29న శాండీ వచ్చి రేవు టెర్మినళ్లు నీట మునిగినప్పుడు.

డీలర్లు ఈ వారాన్ని ఊహించే లెక్క ఒకటుంది. ‘డిగ్రీ డే’ అంటారు. రోజు సగటు ఉష్ణోగ్రత 65 కంటే ఎన్ని డిగ్రీలు తక్కువో అన్ని డిగ్రీ డేలు. సగటు 35 ఉంటే ఆ రోజుకు 30. ఒక భవనం ఎన్ని డిగ్రీ డేలకు ఒక గ్యాలన్ కాలుస్తుందో పాత బిల్లుల నుంచి తేల్చుకుంటారు. ట్యాంకు చూడకుండానే ఎప్పుడు నింపాలో తెలుస్తుంది. ‘ఆటోమేటిక్ డెలివరీ’ అంటే ఇదే. అయిపోయాక ఫోన్ చేసి తెప్పించుకునే ఓనరుకు గ్యాలన్‌కు కొన్ని సెంట్లు కలిసొస్తాయి. చలి ముదిరిన రోజున మాత్రం లైనులో ఆఖరివాడు అతనే. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయితే ఇంకో తంటా. అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని పంపు లాగేసుకుంటుంది, నాజిల్ మూసుకుపోతుంది, పైపులో గాలి చేరుతుంది. ట్రక్కు వచ్చి నింపినా బర్నర్ అంటుకోదు. మెకానిక్ వచ్చి గాలి తీసేదాకా పై అంతస్తుల్లో చలే. ‘ట్రక్కు రాలేదు’ అన్న మాటతో అద్దెదారు గదిలో థర్మామీటరు ముల్లు కదలదు, ఇన్‌స్పెక్టర్ కలమూ ఆగదు.

కాలిబాట మీద ఈల

డెలివరీ చూడాల్సిన దృశ్యం. తెల్లవారకముందే వీధిలోకి ట్రక్కు వస్తుంది. కాలిబాటలో చిన్న ఇనప మూత. దాని కింద ఫిల్ పైపు. డ్రైవరు గొట్టం బిగించి మీటర్ సున్నాకు తిప్పి పంపు ఆన్ చేస్తాడు. గోడ పక్కన ఇంకో సన్నటి పైపు నుంచి ఈల మొదలవుతుంది. ట్యాంకులోకి ఆయిల్ దిగుతుంటే లోపలి గాలి ఆ పైపు గుండా బయటికి పోతూ చేసే శబ్దమది. ఈల ఆగిందంటే ట్యాంకు నిండినట్టు. ఆగాక కూడా పంపు నడిపితే సెల్లార్‌లో వరదే. ఆఖర్న మీటర్‌లోంచి టికెట్ ముద్రించి ఇస్తాడు. దాని మీద గ్యాలన్లు, టైము.

ఆ టికెట్‌ను ఎంతవరకు నమ్మొచ్చు? 2015లో మన్‌హాటన్ జిల్లా ప్రాసిక్యూటర్ ఆయిల్ డెలివరీ మోసాల కేసులో 44 మంది మీద, 9 కంపెనీల మీద అభియోగాలు మోపారు. ఈ వ్యాపారంలో మోసం గాల్లోనే ఉంటుంది, అక్షరాలా. మీటర్ గుండా ఆయిల్‌తో పాటు గాలిని పంపితే ముల్లు తిరుగుతుంది, ట్యాంకులో సరుకు చేరదు. లేదంటే కనిపించని చిన్న పైపు పెట్టి, మీటర్ దాటిన ఆయిల్‌ను మళ్లీ ట్రక్కులోకే తిప్పుకుంటారు. మన పెట్రోలు బంకుల్లో ‘జీరో చూసుకోండి సార్’ అనడం ఎంత అలవాటో, న్యూయార్క్ సూపర్‌లకు ట్యాంకులో కర్ర ముంచి చూడటం అంత అలవాటు కావాలి. సూపర్ అంటే బిల్డింగ్ బాగోగులు చూసే ఉద్యోగి, మన వాచ్‌మన్‌కూ ప్లంబర్‌కూ మధ్య మనిషి. ట్రక్కు రాకముందు ఒకసారి, వెళ్లాక ఒకసారి కర్ర ముంచి, తడి ఎక్కడిదాకా ఉందో చూసి పట్టికతో పోల్చుకుంటే పది నిమిషాల పని. ఆ పని ఎందుకు జరగదో కూడా ఊహించుకోవచ్చు: డెలివరీ తెల్లవారుజామున, సూపర్ నిద్రలో, డ్రైవరు చేతిలో తాళం.

ఆఖరి గది

సమస్య అసలు ముడి ఇక్కడే ఉంది. న్యూయార్క్ పాత భవనాల్లో ఎక్కువ భాగం ఆవిరితో నడుస్తాయి. వాటిలో చాలావరకు ఒకే పైపు పద్ధతి: ఆవిరి ఏ పైపులో పైకి పోతుందో, చల్లబడి నీరై అదే పైపులో కిందికి జారుతుంది. ఆవిరి రావాలంటే ముందు రేడియేటర్‌లోని (ఆవిరితో వేడెక్కి గదిని కాచే ఇనప చట్రంలోని) గాలి బయటికి పోవాలి. అందుకు పక్కన బొటనవేలంత వెంట్ ఉంటుంది. అది బుస్సుమని గాలి వదిలి, ఆవిరి తగలగానే మూసుకుంటుంది. ఇల్లు ఖాళీ అయినప్పుడల్లా గోడలతో పాటు రేడియేటర్‌కూ రంగేస్తారు. రంగులేసేవాడు వెంట్ మీద కూడా బ్రష్ తిప్పి పోతే ఆ గది చలికాలమంతా చల్లగానే ఉంటుంది. రేడియేటర్ వాలు కాస్త తేడాగా ఉంటే నీళ్లు నిలిచి, రాత్రి రెండింటికి ఎవరో సుత్తితో పైపు మీద కొట్టినట్టు చప్పుడు.

బాయిలర్‌కు దగ్గరగా ఉన్న ఫ్లాట్లకు ఆవిరి ముందు చేరుతుంది, మూలనున్న ఫ్లాటుకు ఆఖర్న. కంట్రోలర్ చూసేది గదుల్ని కాదు, ఉత్తరపు గోడ మీద బిగించిన సెన్సర్‌ను. బయట ఇంత చలి ఉంటే ఇంతసేపు కాల్చు అన్నదే దానికి తెలిసింది. మూల ఫ్లాటు నుంచి కంప్లైంట్ వస్తే సూపర్ డయల్‌ను కాస్త పైకి తిప్పుతాడు. ఆ ఫ్లాటు 68కి చేరేసరికి ముందు ఫ్లాట్లు 80 దాటతాయి. అక్కడివాళ్లు కిటికీలు తెరుస్తారు. బయట మంచు కురుస్తుంటే కిటికీలు తెరిచి ఉన్న భవనాలు న్యూయార్క్‌లో ఎవరికైనా కనిపిస్తాయి. ఓనరు డబ్బులు వీధిలోకి పోతున్న చోటు అదే.

కంప్లైంట్ వచ్చే దారి తెలిసిందే. అద్దెదారు నగర ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 311కు ఫోన్ చేస్తాడు. నగర గృహనిర్మాణ శాఖ ముందు ఓనరుకు చెప్పి చూస్తుంది. వేడి రాకపోతే ఇన్‌స్పెక్టర్ థర్మామీటరుతో గదిలోకి వస్తాడు. చలికాలానికి ఇలాంటి కంప్లైంట్లు లక్షకు పైగా. ఉల్లంఘన రాస్తే అది ‘సి’ తరగతి, అంటే వెంటనే ప్రాణాపాయం కిందికి వచ్చేది. ఫైన్ రోజుకు కొన్ని వందల డాలర్లు, మళ్లీ జరిగితే రోజుకు వెయ్యి దాటవచ్చు. ఓనరు పట్టించుకోకపోతే శాఖే మెకానిక్‌ను పంపి బాగుచేయించి బిల్లు ఆస్తిపన్నుకు తగిలిస్తుంది. కంప్లైంట్లు మరీ ఎక్కువగా వచ్చే 50 భవనాలను ఎంచి, ఫ్లాట్లలో సెన్సర్లు బిగించాల్సిందేనని 2020లో ఇంకో చట్టం వచ్చింది.

ప్రాణాపాయం అన్న మాట ఫారంలో రాసుకోవడానికే అనుకోనక్కర్లేదు. 2022 జనవరి 9న బ్రాంక్స్‌లోని ట్విన్ పార్క్స్ భవనంలో ఒక ఫ్లాటులో పెట్టుకున్న కరెంటు హీటరు అంటుకుంది. దానంతటదే మూసుకోవాల్సిన తలుపు మూసుకోలేదు. పొగ మెట్లమీదుగా పైకి పాకి 17 మంది చనిపోయారు, వాళ్లలో 8 మంది పిల్లలు. సెల్లార్ నుంచి వచ్చే వేడి చాలనిచోట, చాలదనిపించినచోట జనం ఇలాంటి హీటర్లే పెట్టుకుంటారు, పొయ్యి వెలిగించి వంటింట్లో కూర్చుంటారు.

ఇది పిసినారి ఓనర్ల కథ మాత్రమే కాదు. 2017 అక్టోబరు నుంచి 2018 జనవరి వరకు నగర ప్రభుత్వమే ఓనరైన ప్రజా గృహ సముదాయాల్లో 3,20,000 మందికి పైగా, అంటే అక్కడ ఉండేవాళ్లలో ఐదింట నాలుగొంతుల మంది, ఎప్పుడో ఒకప్పుడు వేడి లేకుండా గడిపారు. అక్కడ ప్రధానంగా కాలేది గ్యాస్. సరఫరాకు కొరత లేదు. పాడైపోయినవి బాయిలర్లు, పైపులు, వాటిని చూసుకోవాల్సిన మనుషుల లెక్క.

రెండో చట్టం తలుపు తట్టాక

వేడి ఇవ్వమనే చట్టం పాతది. తక్కువ కాల్చమనే చట్టం 2019లో వచ్చింది: లోకల్ లా 97. 25,000 చదరపు అడుగులు దాటిన భవనాలకు 2024 నుంచి కార్బన్ పరిమితి, 2030 నుంచి ఇంకా బిగింపు. దాటితే టన్నుకు 268 డాలర్లు. రెండు చట్టాలూ ఎదురెదురుగా నిలబడి ఓనరును చెరో చెయ్యీ పట్టి లాగుతున్నట్టు కనిపిస్తాయి. లెక్కవేస్తే అలా ఉండదు.

50,000 చదరపు అడుగుల అపార్టుమెంటు అనుకుందాం. 2024–29కి అపార్టుమెంట్ల పరిమితి చదరపు అడుగుకు 6.75 కిలోలు, అంటే మొత్తం 337.5 టన్నులు. ఒక గ్యాలన్ నంబర్ 2 కాలిస్తే చట్టం లెక్క ప్రకారం 10.28 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఏడాదికి 40,000 గ్యాలన్లు కాల్చే భవనానికి 411 టన్నులు. పరిమితి పైన 73.6 టన్నులు, ఫైన్ సుమారు 19,700 డాలర్లు. కరెంటు వాడకాన్ని కూడా కలపాలి కాబట్టి అసలు సంఖ్య దీనికంటే ఎక్కువే అవుతుంది. ఆయిల్ వరకే చూద్దాం. పరిమితి దాటాక కాల్చే ప్రతి గ్యాలన్ మీదా ఫైన్ 2 డాలర్ల 75 సెంట్లు. అంటే గ్యాలన్ 4 డాలర్లకు కొన్నా, ఆ ఆఖరి గ్యాలన్లు ఒక్కొక్కటి దాదాపు 7 డాలర్లు పడుతున్నాయి. ఎక్కువైనవి సుమారు 7,160 గ్యాలన్లు, మొత్తంలో 18 శాతం.

ఆ 18 శాతం ఎక్కడుంది? తెరిచిన కిటికీల్లో. ముందు ఫ్లాట్లు 80కి చేరకుండా, మూల ఫ్లాటు 68కి చేరేలా ఆవిరిని సర్దగలిగితే రెండు చట్టాలూ ఒకే పనితో తీరతాయి. చేయాల్సిన పనుల్లో వింతేమీ లేదు. మెయిన్ పైపు చివర పెద్ద వెంట్లు, రంగు పూసిన చిన్న వెంట్ల మార్పిడి, చెడిపోయిన స్టీమ్ ట్రాపుల (ఆవిరిని ఆపి నీటిని మాత్రం వదిలే వాల్వుల) మార్పిడి, సెల్లార్‌లో ఊడిపోయిన పైపు తొడుగులు, వేడెక్కే గదుల రేడియేటర్లకు సొంతంగా మూసుకునే వాల్వులు, గోడ సెన్సర్‌తో పాటు కొన్ని ఫ్లాట్ల లోపల కూడా సెన్సర్లు. చట్టం రాసినవాళ్లకూ ఇది తెలుసు. అద్దె నియంత్రణలో ఉన్న ఫ్లాట్లు 35 శాతం దాటిన భవనాలకు పరిమితి బదులు 13 పనుల జాబితా ఇచ్చి, అవి చేస్తే చాలన్నారు. జాబితాలో చాలావరకు పైన చెప్పినవే.

అయినా కొత్త బాయిలర్ అమ్మేవాడి మాటే ఓనరు చెవికి ముందు చేరుతుంది. కొత్త బాయిలర్ ఫొటోకు బాగుంటుంది, అప్పు కూడా సులువుగా దొరుకుతుంది. పాత పైపులకు కొత్త బాయిలర్ తగిలిస్తే మూల ఫ్లాటు మాత్రం మూల ఫ్లాటుగానే ఉంటుంది.

కాగితాల సంగతి టూకీగా. మూడు, అంతకు మించి వాటాలున్న ఇల్లు ఏటా సెప్టెంబరు 1 కల్లా గృహనిర్మాణ శాఖలో నమోదు కావాలి. కాకపోతే అద్దె కట్టనివాడి మీద కోర్టుకు పోవడానికీ చిక్కే. ఆరు, అంతకు మించి కుటుంబాలున్న చోట బాయిలర్‌కు ఏటా తనిఖీ, రిపోర్టు ఇవ్వకపోతే బాయిలర్‌కు వెయ్యి డాలర్లు. గంటకు 3,50,000 బీటీయూలు దాటిన బర్నర్‌కు పర్యావరణ శాఖలో నమోదు. ట్యాంకులన్నీ కలిపి 1,100 గ్యాలన్లు దాటితే రాష్ట్ర శాఖలో ఇంకో నమోదు. ఫైన్ చలికే కాదు, ఈ తేదీలు మరిచిపోయినా పడుతుంది.

నది అవతల న్యూజెర్సీలో ఇల్లు కొనే మనవాళ్లకు వేరే హెచ్చరిక. ఎడిసన్ చుట్టుపక్కల పాత ఇళ్లలో కొన్నిటికి పెరట్లో భూమిలో పాతిన ఆయిల్ ట్యాంకులున్నాయి. ఇల్లు గ్యాస్‌కు మారి ముప్పై ఏళ్లయినా ట్యాంకు అక్కడే తుప్పుపడుతూ ఉండొచ్చు. కారితే మట్టి తవ్వించే ఖర్చు కొత్త ఓనరు మీదే పడుతుంది. కొనేముందు మెటల్ డిటెక్టర్‌తో పెరడు వెతికించడం అక్కడ మామూలే. ముహూర్తం చూసుకునే ముందే అది చేయించుకుంటే మంచిది. ట్యాంకు తీసేసినచోట ఫిల్ పైపు కూడా తీసేయాలి. పైపు ఒక్కటే మిగిలి, అడ్రసు తప్పిన డ్రైవరు దాంట్లోకి పంపు పెట్టిన ఇళ్లున్నాయి. ఆ ఇళ్లలో ఆయిల్ నేరుగా సెల్లార్ నేల మీదే పడింది.

2027 జులై దగ్గరపడేకొద్దీ నంబర్ 4 ట్యాంకులు కడిగించుకునే భవనాల లైను పెరుగుతుంది. అడుగున మడ్డి ఉండగా నంబర్ 2 పోస్తే పలుచటి నూనె ఆ మడ్డిని కరిగించి ఫిల్టర్ల దాకా తెస్తుంది, అందుకని ముందు కడిగించాలి, నాజిల్ మార్చాలి, బర్నర్ గాలి సర్దాలి. వేసవిలో చేయాల్సిన పని. కానీ వేసవిలో కూడా బాయిలర్‌ను పూర్తిగా ఆపలేరు, వేడినీళ్ల 120 డిగ్రీలకు సెలవు లేదు కాబట్టి. జూన్ 1న సూపర్ కంట్రోలర్‌ను వేసవి వైపు తిప్పుతాడు, ఓనరు ఆ సంగతి మరిచిపోతాడు. సెప్టెంబరు ఆఖరి వారంలో మెకానిక్ ఫోన్ చూస్తే అందరి మిస్డ్ కాల్స్ ఒకేసారి ఉంటాయి.